మబ్బెక్కిన ఏడుగురు తాతలు

బిష్కెక్. సైబర్ నేరాల విభాగంలో ఒక గది, మిట్టమధ్యాహ్నం. బల్లకి ఇటువైపు మేజర్ జోల్చుబెక్, అటువైపు కుబాత్. మధ్యలో టీ కెటిల్.

"తాగు కుబాత్. చల్లారితే మళ్ళీ పొయ్యను."

"గిన్నెలో సగమే పోశారు మావయ్యా."

"మేజర్‌గారూ అను."

"సగమే పోశారు మేజర్‌గారూ."

"నిండా పోస్తే లేచి వెళ్ళమని అర్థం. ఆ మాత్రం మీ ఇంట్లో నేర్పలేదా? నువ్వు ఇంకా చాలాసేపు కూర్చోవాలి. అందుకే సగం."

"పోలీసుల్లో కూడా ఇంత మర్యాద ఉంటుందనుకోలేదు."

"ఉంటుంది. బయటికి కనబడనివ్వం. సరే, పెళ్ళిళ్ళ రిజిస్ట్రీ సైటు సోమవారం పడిపోయింది. ఇంతవరకూ లేవలేదు."

"అయ్యో. దెబ్బ గట్టిగా తగిలిందా?"

"ఎవరు కొట్టారో నీకు తెలుసా అని అడుగుతున్నాను."

"నాకేం తెలుస్తుంది మావ... మేజర్‌గారూ. నేను బజార్లో కంప్యూటర్లు బాగుచేసుకుంటాను. అడిగినవాళ్ళ ఇళ్ళకి నెట్టు కనెక్షన్ ఇస్తాను. ఏదో నెట్టు మీద నెట్టుకొస్తున్నాను."

"వసంతంలో మా ఇంటికొచ్చినప్పుడూ ఈ మాటే అన్నావు. పెద్దవాళ్ళెవరినీ వెంట తీసుకురాకుండా ఒక్కడివే వచ్చి, నా కుర్చీలో కూర్చుని, మా పెరిజాత్‌ని ఇమ్మన్నావు."

"మా నాన్న అప్పుడు గొర్రెలతో కొండ మీదున్నాడు. ఆ కుర్చీ మీదని నాకు తెలీదు. అయినా ఎందుకివ్వనన్నారో ఇప్పటికీ చెప్పలేదు."

"నెట్టుకొస్తున్నానన్నావు కాబట్టి. దర్జాగా నడుచుకొచ్చేవాడికి ఇస్తున్నాను. ఈ శనివారమే పెళ్ళి. పెట్రోలు బంకులవాళ్ళబ్బాయి ఉలుక్‌మన్. అత్తగారు వచ్చి నిశ్చయానికి గుర్తుగా దాని చెవులకి దుద్దులు కూడా పెట్టి వెళ్ళింది."

"విన్నాను. ఉలుక్‌మన్‌కి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"ఆస్తి ఉంది. అతని బదులు అది పలుకుతుంది. కానీ అతని తండ్రి రిజిస్ట్రీ కాగితం చేతికి రానిదే పెళ్ళికి కారు స్టార్ట్ చెయ్యనంటున్నాడు. రిజిస్ట్రీలో మన వంతుకి వరస కావాలంటే ఆ సైటులోనే తీసుకోవాలి. సైటేమో సోమవారం నుంచి నేల మీద."

"కాగితం మీద రాయించుకోరా?"

"పోయినేడే మానేశారు. నీకు తెలిసే అడుగుతున్నావు."

"తెలీకే అడిగాను."

"మా లెఫ్టినెంట్ బెర్మెట్ నాకు అర్థమయ్యేలా చెప్పింది. పెళ్ళింటి గుమ్మం దగ్గరికి ఊరు ఊరంతా ఒక్కసారి వచ్చి తలుపు తడతారట. తీస్తే లోపలికి రారట. వేస్తే మళ్ళీ తడతారట. నిజంగా పిలిచిన చుట్టం వెనకెక్కడో నిలబడి నిలబడి ఇంటికి పోతాడట."

"మా వైపు పెళ్ళిళ్ళు కొంచెం అలాగే ఉంటాయి."

"మీ వైపు లోపలికొచ్చి తింటారు. ఇక్కడ తట్టేవాళ్ళు మనుషులు కూడా కాదు. క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న మిషన్లు. క్లౌడ్ అంటే మబ్బట కదా?"

"అవునండి. మబ్బే."

"మబ్బు వానిస్తుందని విన్నాను. ఈ మబ్బు రాళ్ళిస్తోంది. ఆ మిషన్ల ఐపీ అడ్రసులన్నీ దొరికాయి."

"ఐపీ పెట్టినవాళ్ళ అడ్రసు దొరకడం ఇదే మొదటిసారి వింటున్నాను."

"నవ్వాలా?"

"మీ ఇష్టం."

"తర్వాత నవ్వుతాను. అన్నీ విదేశాల్లోవే. ఫ్రాంక్‌ఫర్ట్, సింగపూర్, ఇంకేవేవో."

"అయితే విదేశీయుల పనే. నేను ముందే అనుకున్నాను."

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిషన్లు అద్దెకి తీసుకున్నావిడ పేరు బురుల్. నరీన్ పైన కొండ మీద గొర్రెలు కాస్తుంది. మీ పెద్దమ్మ."

"మా పెద్దమ్మకి ముందుచూపు ఎక్కువ."

"ఆవిడతో వీడియో కాల్‌లో మాట్లాడాను. ఫోను తలకిందులుగా పట్టుకుని చెవికి మైకు, నోటికి స్పీకరు పెట్టుకుంది. 'అమ్మా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం చేస్తున్నారు?' అంటే, 'ఉన్ని కత్తిరిస్తున్నా' అంది. సింగపూర్‌లో మీ మేనత్త. టోక్యోలో మీ మేనత్త మొగుడు. కొండ దిగకుండానే మీవాళ్ళు ప్రపంచం చుట్టేశారు."

"ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే చుట్టాలంతా వచ్చి తలో చెయ్యీ వెయ్యరా? వాళ్ళూ అంతే, అడగ్గానే ఫోన్లిచ్చి... అంటే, ఎవరో అడిగుంటారు. ఇచ్చుంటారు. నాకు తెలీదు."

"ఇల్లు కట్టడానికి చుట్టాల్ని పిలవడం చూశాను. పడగొట్టడానికి పిలిచింది నువ్వే."

"నేనని ఎవరన్నారు?"

"కొత్తగా చేరినవాళ్ళని కొన్నాళ్ళు ఉచితంగా వాడుకోమంటుందట క్లౌడ్ కంపెనీ. ఫ్రీ ట్రయల్."

"మనిషికి ఒక్కటే ఇస్తారు. అందుకే అంతమంది మనుషులు కావలసొచ్చారు. ఆ చేసినవాడికి."

"ఆ చేసినవాడికి చెప్పు, ఫ్రీ ట్రయల్ అయిపోయిందని. ఇక కోర్టులో అసలు ట్రయల్. అది ఫ్రీ కాదు."

"కనబడితే చెబుతాను."

"ఇంకోటి కూడా చెప్పు. నిన్న రిజిస్ట్రీకి వెళ్ళాను. ఒకమ్మాయి తెల్ల గౌను వేసుకుని మెట్ల మీద కూర్చుంది. పెళ్ళికొడుకు ఆ రాత్రి విమానానికి రష్యా వెళ్ళిపోవాలి, పనిలోకి. వాళ్ళ వరస ఎప్పుడో తెలియదు. సైటు తెరుచుకోదు. పూలగుత్తి పక్కన పెట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. ఏడవడం కూడా లేదు."

"..."

"ఏం, పలకవే? ఉలుక్‌మన్ గాలి సోకిందా?"

"ఆమె సంగతి నేను ఆలోచించలేదు."

"నువ్వా?"

"అంటే, చేసినవాడు. వాడు ఆలోచించి ఉండడు. పాపం వాడికి ఒక్క పెళ్ళే కళ్ళముందు కనబడి ఉంటుంది."

"సార్, లోపలికి రావచ్చా?"

"రా బెర్మెట్."

"క్లౌడ్ కంపెనీ నుంచి జవాబొచ్చింది సార్. ప్రతి ఖాతాలోనూ ఏడేసి మిషన్లున్నాయి. చేసినవాడు ఒక్కో మిషనుకీ ఒక పేరు పెట్టాడు. ఏ ఖాతా చూసినా అవే ఏడు పేర్లు. మొదటిది—"

"చదవకు. ఆ కాగితం ఇటిచ్చి వెళ్ళు."

"సరే సార్. ఉన్నమాట చెబుతున్నాను, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది."

"తలుపు వేసుకెళ్ళు... ఊఁ. ఏడు పేర్లు. మొదటి నుంచి చివరిదాకా. బాగున్నాయి. కుబాత్, టీ తాగావా?"

"తాగుతున్నాను. అందులో ఏముంది?"

"ఇందులో ఏముందో నేను చెప్పను. నువ్వు చెప్పు. నాన్నతో మొదలుపెట్టి నీ ఏడుగురు తాతల పేర్లూ వరసగా చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇక్కడా?"

"ఎక్కడైనా చెప్పగలిగేవే కదా. నడక వచ్చిన పిల్లాడి నుంచి అడుగుతారు."

"గొంతు ఆరిపోయింది."

"టీ ఉంది."

"నేను చెప్పనంటే?"

"చెప్పనక్కర్లేదు. ఏడుగురి పేర్లూ తెలియనివాడని రాసుకుంటాను. మీ ఊరు పంపించి నలుగురిలో చదివిస్తాను."

"అంత పని చెయ్యకండి! కేసు పెట్టండి, జైల్లో పెట్టండి, అది మాత్రం వద్దు. మా నాన్న కొండ దిగడు ఇక."

"అయితే చెప్పు. లేదా ఒక పని చెయ్యి. ఒక్క పేరు మార్చి చెప్పు. పాస్‌పోర్టులో నాన్న పేరు దాకే ఉంటుంది. మిగతావి నీ నోట్లో తప్ప ఎక్కడా లేవు. ఒక్క పేరు మారిస్తే ఈ కాగితం నీది కాదు. లేచి ఇంటికెళ్ళిపోవచ్చు."

"మీరే చెబుతున్నారా ఈ మాట?"

"నేనే. మార్చు, చూద్దాం. ఈ బల్ల ముందు ఇన్నేళ్ళలో ఎవరెవరు కూర్చున్నారనుకున్నావు. బ్యాంకు దోచినవాడు, తల్లి పింఛను మింగినవాడు. అందరూ అన్ని అబద్ధాలూ ఆడారు. తాతల పేర్లడిగితే మాత్రం ఒక్కడంటే ఒక్కడు తప్పు చెప్పలేదు. ఊఁ, కానియ్."

"ఎసెన్."

"మీ నాన్న. ఊఁ."

"ఎసెన్ తండ్రి తుర్గన్. తుర్గన్ తండ్రి సాతర్. సాతర్ తండ్రి మోల్దొ... మీరు కాగితం మీద వేలు జరుపుతున్నారు."

"జరపకుండా ఎలా? చెప్పు."

"మోల్దొ తండ్రి బాయిజక్. బాయిజక్ తండ్రి కోనుర్. కోనుర్ తండ్రి... మావయ్యా, ఇది చెబితే ఎన్నేళ్ళు?"

"మేజర్‌గారూ అను. చెప్పకపోయినా అన్నేళ్ళే."

"కచికె."

"కచికె. అక్షరం పొల్లుపోలేదు. ఒరేయ్, నాకు తెలియక అడుగుతాను. ప్రపంచంలో ఇన్ని పేర్లుండగా, చెయ్యబోయే వెధవపనికి తాతల పేర్లా పెట్టుకునేది?"

"మిషను తీసుకోగానే పేరేమిటని అడుగుతుందండి. ఖాళీ వదలనివ్వదు. చిన్నప్పుడు మా తాతయ్య నిద్రలో లేపి అడిగేవాడు, ఏడుగురు పేర్లు చెప్పరా అని. చెబితేనే పడుకోనిచ్చేవాడు. పేరు అనేసరికి వేళ్ళు వాటంతట అవే కొట్టేశాయి. పైగా పెద్దపనికి బయల్దేరేటప్పుడు తాతల్ని తలుచుకోవాలి కదా అనుకున్నాను."

"తలుచుకోమన్నారు. తలుపులు బాదించమనలేదు. కొండ మీదున్న మీ నాన్ననీ, చచ్చి మట్టిలో పడుకున్నవాళ్ళనీ లేపి మబ్బెక్కించి రిజిస్ట్రీ మీదికి తోలావు."

"ఒప్పుకున్నాను కదా. ఇక కొట్టండి, కట్టండి. కానీ మిషన్లు మాత్రం ఆపను. ఒక ఖాతా మూసేస్తే ఇంకో చుట్టం తెరుచుకుంటాడు. శనివారం దాటనివ్వండి. దాటాక నేనే వచ్చి మీకు పాస్‌వర్డు చేతికిస్తాను. నన్ను ఎన్నేళ్ళు పెట్టినా సరే. పెరిజాత్‌ని అడిగి ఈ పెళ్ళి చెయ్యడం లేదు మీరు."

"ఏడో పేరు మళ్ళీ చెప్పు."

"కచికె. ఎందుకు?"

"ఎక్కడివాడు?"

"నరీన్ ఎగువ. గుర్రాలుండేవట. ఎందుకడుగుతున్నారు?"

"గుర్రాలు. అవును. ఒక రెండు గుర్రాలతో కరువులో మా తలాస్ వచ్చి అక్కడే ఉండిపోయిన కొడుకొకడు ఉండాలి."

"ఆ సంగతి మాకు తెలీదు. మీకెలా తెలుసు?"

"మా పెరిజాత్‌కి ఏడో తాత పేరు కచికె, కుబాత్."

"మావయ్యా, తమాషా చెయ్యకండి."

"ఆ మాట అనకు. మేజర్‌గారూ అని కూడా అననక్కర్లేదు ఇక. బాబాయ్ అను. ఏడు తరాల లోపల ఒకే రక్తం, పెళ్ళి కూడదు. పెరిజాత్ నీకు చెల్లెలు."

"లేదు."

"మీరిద్దరూ ముందే చూసుకోలేదా? అందరికంటే ముందు అడగాల్సింది అదే కదా."

"నేను నరీన్, తను తలాస్. మధ్యలో అన్ని కొండలున్నాయి, చుట్టరికం అంత దూరం దాటి వస్తుందా అనుకున్నాం. తనకి ఆ పేర్లు రావని చెప్పింది. వాళ్ళ నాన్న నేర్పలేదంది."

"ఆడపిల్లకెందుకని నేర్పలేదు. నాదే తప్పు."

"నిజంగా కచికేనా?"

"తాతల పేర్ల మీద నన్ను ఒట్టు వెయ్యమంటావా?"

"వద్దు. వద్దులెండి. ఆ అబద్ధం ఎవరూ ఆడరు. అది... ఎవరూ ఆడరు."

"టీ తాగు."

"నేను నా చెల్లెలి పెళ్ళికి అడ్డం పడ్డానా?"

"తెలియక పడ్డావు. బాబాయ్‌ని కాబట్టి చెబుతున్నాను విను. నీ అంతట నువ్వే వచ్చావని రాస్తాను. తప్పు తెలుసుకుని నీ చేతుల్తో నువ్వే ఆపావని రాస్తాను. జడ్జి కూడా మనిషే, శిక్ష తగ్గుతుంది. శనివారం పెళ్ళికి రా. పెళ్ళికూతురి అన్నవి, గొర్రెని నీచేత కోయిస్తాను. ముందు వరసలో కూర్చోబెడతాను. ఇదిగో నీ ఫోను. ఆపు."

"ముందు వరసలోనా?"

"ఉలుక్‌మన్ పక్కన."

"వాడేమైనా మాట్లాడతాడా, ఆ పూటైనా?"

"ఆపు కుబాత్."

"ఆపుతున్నాను. ఆపుతున్నాను బాబాయ్. ఎసెన్ ఆగాడు. తుర్గన్ ఆగాడు. సాతర్, మోల్దొ... అన్ని ఖాతాల్లోనూ ఆగుతున్నారు. బాయిజక్. కోనుర్. తాతయ్యా, నన్ను క్షమించు. కచికె కూడా ఆగాడు."

"అన్నీనా?"

"అన్నీ. సైటు ఒక నిమిషంలో లేస్తుంది. ఆ మెట్ల మీద అమ్మాయికి ముందు వరస ఇప్పించండి."

"మంచివాడివి. ఫోను ఇటిచ్చెయ్, గిన్నె ఇలా పెట్టు."

"అంచుదాకా పోశారు బాబాయ్."

"ఇక వెళ్ళమని. కింద సంతకం పెట్టు, కోర్టుకి పిలిచినప్పుడు రా. ఎక్కడికీ పారిపోవని నేను పూచీ ఉంటాను. నిండు గిన్నె, ఒలకబొయ్యకు."

"వెళ్తాను. ఒక్కమాట. ఆ దుద్దులు... బరువైనవి పెడితే పెరిజాత్ చెవులు వాస్తాయి. తను చెప్పుకోదు, జుట్టు కప్పేసుకుంటుంది. తేలికవి పెట్టమనండి వాళ్ళని. అన్నగా చెబుతున్నాను."

"చెబుతాను. వెళ్ళు."

"సార్!"

"బెర్మెట్, తలుపు తట్టి రావాలి."

"తట్టి తట్టి ఇవాళ చేతులు నొప్పి సార్. సైటు లేచింది."

"తెలుసు. ఇతనే లేపాడు."

"లేచి మళ్ళీ పడిపోయింది."

"కుబాత్!"

"నా ఫోను మీ చేతిలోనే ఉంది బాబాయ్. నేను అన్నీ ఆపేశాను."

"ఇతనివి ఆగాయి సార్, నిజమే. ఒక్క మిషను కూడా కదలడం లేదు. ఇవి వేరేవి. పొద్దున్నే ఎవరో కొత్త ఖాతా తెరిచారు. కొత్తగా ఏ ఖాతా తెరిచినా చెప్పమని పొద్దున్నే కంపెనీవాళ్ళని అడిగాను, ఇందాక పంపారు. ఇంతసేపూ ఇతని మిషన్ల రద్దీలో కలిసిపోయి కనబడలేదు."

"ఖాతా ఎవరి పేరున ఉంది?"

"ఒక ముసలావిడ సార్."

"వీడి చుట్టాలకి అంతు లేదా? ఈవిడేం చేస్తుంది, టోక్యోలో ఉన్ని కత్తిరిస్తుందా?"

"పేరు ఉమ్సునాయ్ సార్."

"మావాళ్ళలో ఉమ్సునాయ్ ఎవరూ లేరు అక్కా."

"నువ్వుండు. ఏ ఉమ్సునాయ్, బెర్మెట్?"

"చిరునామా మీ ఇల్లు సార్. ఇంటికి ఫోను చేశాను. మీ అమ్మగారే ఎత్తారు. మనవరాలు ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ వేలు పెట్టానన్నారు. మీరు మధ్యాహ్నం భోజనానికి రాలేదేమని అడిగారు. నూడిల్స్ ముద్దకట్టిపోతున్నాయట."

"పెరిజాత్ పోయిన వారం నన్ను అడిగింది, మిషన్లకి ఏం పేర్లు పెడతారని. తోచినవి పెట్టొచ్చన్నాను. ఏదో సరదాకి అడుగుతోందనుకున్నాను."

"నోరు మూసుకో కుబాత్. బెర్మెట్, నువ్వు వెళ్ళు."

"అక్కా, వాటికీ పేర్లున్నాయా?"

"ఉన్నాయి తమ్ముడూ. ఏడు."

"చదవకు బెర్మెట్. కాగితం ఇటివ్వు."

"మొదటిది ఏముందక్కా?"

"మొదటిది జోల్చుబెక్. అందుకే పరిగెత్తుకొచ్చాను సార్, మీ పేరు చూసి. మీరే దాడి చేస్తున్నారని రాయాల్సొస్తుందేమోనని."

"ఇటివ్వమన్నాను!"

"రెండోది మీ నాన్నగారు, ఒమోర్. ఎవరు నేర్పారని మీ అమ్మగారిని అడిగాను సార్. తండ్రి నేర్పకపోతే ఇంట్లో నేను లేనా అన్నారు."

"ఏడోది? అక్కా, ఏడోది చదువు."

"బెర్మెట్, ఇది నా ఆర్డరు."

"ఏడోది బొజోయ్."

"కచికె లేడా? ఎక్కడైనా? మధ్యలో?"

"కచికెనా? అది నీ కాగితంలో పేరు కదా తమ్ముడూ. ఇందులో ఎక్కడా లేదు. ఏమైంది సార్, అలా కూర్చున్నారేం?"

"మావయ్యా, ఈ టీ వంపేసి, మళ్ళీ సగం పొయ్యండి."